పాడైతే బాగయ్యే కారు, పాడవని కారు

చాలాకాలం ఉంచుకోవడానికి ఏ కారు కొనాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు ఒకరు "గట్టి బండి" అనడం, మరొకరు "ఖర్చు పెట్టించని బండి" అనడం మీరు వినే ఉంటారు. ఈ రెండూ ఒకటేననుకుంటాం. కావు. మన దేశంలో పుట్టిపెరిగిన రెండు కార్ల చరిత్ర చూస్తే ఆ తేడా మీకే తెలుస్తుంది.

మొదటిది అంబాసిడర్. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు దీనికి మాతృక. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని 1957లో మొదలుపెట్టి, 2014 మే దాకా తయారుచేసింది. దీనికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి లేదు. నేలరేకు, పక్కలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి.

మరి ఇది తక్కువ మరమ్మతుల బండా? ఎంతమాత్రం కాదు! ముందు చక్రాల కీళ్ళకు తరచూ గ్రీజు కొట్టించాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు నిప్పురవ్వలకు మాడిపోతుంటే గీకి, సందు సరిచేయాలి. వాల్వుల టాపెట్లు చూసుకోవాలి. అయినా అది దశాబ్దాలు నడిచిందంటే కారణం, పాడైన ప్రతి భాగాన్నీ మళ్ళీ బాగుచేసుకునే వీలుండటమే. ఉదాహరణకు ఇంజను సంగతి చూడండి. పిస్టన్‌కు, సిలిండర్ గోడకు మధ్య నూనెపొర ఉన్నంతసేపు లోహాన్ని లోహం తాకదు. చల్లని ఇంజనును స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆ పొర పూర్తిగా ఏర్పడదు కనుక అరుగుదల ఎక్కువ. కొన్నేళ్ళకు గోడ అరిగి, నూనె మండి, పొగ గొట్టంలోంచి నీలిపొగ వస్తుంది. అప్పుడు మెకానిక్కు పోత ఇనుప బ్లాకును "బోరు" చేసి, కాస్త పెద్ద పిస్టన్లు వేస్తాడు. ఇంజనుకు రెండో జన్మ! పైగా ఆకృతి పెద్దగా మారకపోవడంతో విడిభాగాలు చిన్న ఊళ్ళలోనూ దొరికేవి.

రెండోది మారుతి 800. భారత ప్రభుత్వ సంస్థకూ జపాన్‌కు చెందిన సుజుకీకీ 1982లో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా కొనుగోలుదారుకు అందాయి. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను. ఇక్కడ ఆలోచనే వేరు. అసలు పాడవకుండా ఉండేలా చేయడం! కీళ్ళలో గ్రీజు నింపి, రబ్బరు తొడుగుతో మూసేస్తే దుమ్ము చొరబడదు, మళ్ళీ గ్రీజు కొట్టక్కర్లేదు. అయితే తొడుగు చిరిగితే మాత్రం కీలునే మార్చేయాలి. క్యామ్‌షాఫ్టును తిప్పేది రబ్బరు బెల్టు. అది తెగబోయే ముందు చప్పుడు చేసి హెచ్చరించదు. గడువుకు మార్చాల్సిందే. అంబాసిడర్‌లో ఆ పని చేసేది గొలుసు, సాగితే గలగలమని చెబుతుంది.

నా మటుకు నాకు రెండో ఆలోచనే మెరుగనిపిస్తుంది. ప్రతి ఆదివారం బండి కింద దూరే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అయితే దానికీ ఒక వెల ఉంది. 2000లో మారుతికి కార్బురేటర్ పోయి, కంప్యూటరు అదుపులో నడిచే ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది. రోడ్డుపక్క మెకానిక్కు స్క్రూడ్రైవరుతో సరిచేయగల పనులూ తగ్గాయి. 2014 జనవరిలో ఈ కారు తయారీ కూడా ఆగింది.

ఇంజనును బాగుచేయవచ్చు, మార్చనూవచ్చు. రెండు కార్లకూ అసలు శత్రువు తుప్పు. ఇనుముకు నీరు, ఆక్సిజన్ తోడైతే చాలు, ఉప్పు ఉంటే ఆ రసాయన చర్య మరీ వేగం పుంజుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తలుపుల అడుగులు ముందుగా తినేయడానికి కారణం ఇదే. బరువు మోసేది ఆ రేకే కాబట్టి అది పోతే కారు పోయినట్టే.

ఇక చట్టం లెక్క. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకే. ఆపైన తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయింది. మీ ఇంట్లో పాత కారు కొనే ఆలోచన ఉంటే, రంగు నిగనిగ చూసి ఆగిపోకండి. లోపలి మ్యాటు ఎత్తి, నేలరేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. ఖంగుమనాలి. బొద్దుగా మోగిందంటే బేరం అక్కడే ఆపేయవచ్చు.