ఉభయ కుశలోపరి



మీ ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇప్పుడు పిల్లలు ఏ దేశాన ఉన్నా ఫోనులో మొహం కనబడుతుంది. మన శేరిలింగంపల్లిలో ఈ అద్దాల మేడలు లేవక ముందు, 1987లో, మా వెనక వీధి పెద్దమ్మకు కొడుకు బతికున్నాడని తెలిసే దారి ఒక్క ఇన్‌లాండ్ కవరే. కొడుకు సిపాయి. ఆమెకు చదువు రాదు. మూడో తరగతి చదువుతున్న నేనే ఆ ఉత్తరాలు చదివి పెట్టేదాన్ని.

"అమ్మకు నమస్కరించి వ్రాయునది, ఉభయ కుశలోపరి" అని మొదలయ్యేది. బర్రె ఈనిందా, మనియార్డరు అందిందా, చెల్లె పెండ్లి మాట ఎందాకా వచ్చింది, అన్నీ ఇవే. తానెక్కడ ఉన్నదీ మాత్రం రాసేవాడు కాదు. చిరునామాలో 56 ఏ.పి.ఓ. అని ఉండేది. "యాభై ఆరంటే ఏ ఊరు బిడ్డా?" అని పెద్దమ్మ ప్రతిసారీ అడిగేది.

అది ఊరు కాదండీ, సైనిక తపాలా వారి అంకె. జాబులన్నీ ముందు ఢిల్లీ చేరతాయి, అక్కడ పటాలాల వారీగా విడదీసి పంపుతారు. సిపాయి జాడ శత్రువుకు తెలియకూడదని ఆ ఏర్పాటు. పాపం, తల్లికీ తెలియదు.

ఆ ఊరు జాఫ్నా. శ్రీలంకలో ప్రభుత్వానికీ, వేరే దేశం కోరిన తమిళ మిలిటెంట్లకూ 1983 నుంచి అంతర్యుద్ధం నడుస్తోంది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ వెంటనే మన శాంతి సేన బయలుదేరింది. మొదట వెళ్ళింది సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజనే. తగవు తీర్చడానికి వెళ్ళినవాళ్ళకు అక్టోబరు కల్లా తమిళ పులులతోనే యుద్ధం వచ్చిపడింది. జాఫ్నాలో వీధి వీధికీ పోరాటం. రోడ్ల కింద మందుపాతరలు, ఇళ్ళ కప్పుల మీంచీ చెట్ల మీంచీ కాల్పులు.

ఆ రోజుల్లో వచ్చిన జాబులో ఒక మాట నాకు బాగా గుర్తు. "ఇక్కడ కూడా మన ఊర్లో లాగా తాటిచెట్లు చాలా ఉన్నవి" అని రాశాడు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. మన చెట్లే ఉన్నాయంటే మన దిక్కే కదా అనుకుంది. ఆ చెట్లను అతను ఏ కళ్ళతో చూస్తున్నాడో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. తర్వాత చాలా రోజులు ఉత్తరం రాలేదు. అప్పుడామె ఆ పాత జాబే కొంగున పెట్టుకుని వచ్చి, "మళ్ళా చదువు బిడ్డా" అనేది. నేను కొత్తది చదివినట్టే చదివేదాన్ని.

ఆ యుద్ధంలో చనిపోయిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీరచక్ర ఇచ్చారు. సుమారు 1,200 మంది మనవాళ్ళు ప్రాణాలు విడిచారు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగినప్పుడు, ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. తోటి తమిళుల మీద పోరాడి వచ్చిన సేన అని ఆయన అభ్యంతరం. వాళ్ళ పేర్లు చెక్కిన స్మారకం కొలంబో పక్కన ఉంది.

పెద్దమ్మ కొడుకు క్షేమంగానే తిరిగొచ్చాడు. అక్కడి సంగతి ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. పెద్దమ్మ పోయాక, ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేటప్పుడు, ట్రంకు పెట్టెలోని ఆ జాబులు పాత పేపర్లతో కలిసి తూకానికి పోయాయి. ఒక్క మాట ముందు తెలిస్తే నేనే తెచ్చుకునేదాన్ని.

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. అప్పటి మామూలు సిపాయి ఏం తిన్నాడు, దేనికి భయపడ్డాడు అన్నది ఈనాటికీ తెలుస్తోందంటే, ఇంటికి రాసిన జాబులు ఆడవాళ్ళు పెట్టెల్లో దాచబట్టే. చరిత్ర రాసేది పండితులే కావచ్చు, దాన్ని దాచిపెట్టేది మాత్రం మనమేనమ్మా.

ఈ దసరాకు అటక దులిపేటప్పుడు పాత ఉత్తరాల కట్ట కనబడితే, తూకానికి వేసే ముందు ఒకటి తీసి పిల్లలకు చదివి వినిపించండి. "ఉభయ కుశలోపరి" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆ మాట వెనక ఏముందో అప్పుడు వాళ్ళే అడుగుతారు.

సెలవు.