పాతర నుంచి మంచె దాకా

ఈ ఏడు షెడ్డులో కర్ర మంచె ఎలా నిలబెట్టించామో రాయమని సమావేశంలో అడిగారు. దాని సంగతి చెప్పాలంటే, అంతకుముందు మన ఊళ్లలో గింజలు ఎక్కడ దాచేవాళ్లో చెప్పాలి.

అమ్మమ్మల కాలంలో జొన్నలు పాతరలో పోసేవాళ్లు. గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి మట్టితో మూసేవాళ్లు. పాతర తెరిచిన వెంటనే దిగేవాళ్లు కాదు, లోపలి చెడుగాలికి ప్రాణం పోతుంది. వడ్లకైతే వరిగడ్డి తాడు చుట్టిన పురి, లేదంటే వెదురుతో అల్లి పేడ పూసిన గాదె. మిగతా సామానంతా అటక మీదికి. గాదె అలికేది, ఎలుక బొక్క చూసేది, ఎన్నాళ్లకు సరిపోతాయో లెక్క చెప్పేది ఆడవాళ్లే. ఆ లెక్క నోటితోనే ఉండేది, ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

తర్వాత గోతాలొచ్చాయి, మిల్లులొచ్చాయి. వడ్లు కళ్లంలోనే అమ్ముడుపోసాగాయి. 1965లో భారత ఆహార సంస్థ వచ్చింది, దాచే పని పెద్ద గోదాములకు పోయింది. ఇళ్లలో గాదెలు కనపడకుండా పోయాయి.

గింజలు మళ్లీ మన చేతికొచ్చింది సంఘాలతోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి. 2000లో వెలుగు మొదలయ్యాక సంఘాలు బియ్యం టోకున కొని సభ్యులకు అప్పుగా ఇచ్చాయి, తర్వాత ధాన్యం కొనుగోలు కేంద్రాలూ నడిపాయి. డబ్బులకు బ్యాంకు ఉంది సరే, బస్తాలకు చోటేది?

మా షెడ్డుకు రేకుల గోడలు, సిమెంటు నేల. పాతరను భూమి పట్టుకునేది. అటక దూలాలు గోడలో దిగి ఉండేవి. చేలో మంచెకు కాళ్లు లోతుగా పాతేవాళ్లు. రేకు గోడ బరువు ఆపదు, సిమెంటులో కాళ్లు పాతలేం. అంటే ఈ మంచె తన కాళ్ల మీద తనే నిలబడాలి. 75 కిలోల బస్తాలు ఇరవై వేస్తే 15 క్వింటాళ్లు, ఆ కింద వంగి ఊడ్చేది మనమే.

నాలుగు మూలల చట్రాన్ని పక్కనుంచి తోస్తే ఒరుగుతుంది. ఐమూలగా ఒక పట్టె కొడితే రెండు ముక్కోణాలవుతాయి, ముక్కోణం ఒరగదు. కిటుకంతా ఇదే. వెనకవైపు ఇంటూ గుర్తులా రెండు పట్టెలు, రెండు పక్కలా ఒక్కోటి వేయించాం. ఒక్క దిక్కునే వేస్తే రెండో దిక్కుకు ఊగుతుంది. ముందువైపు బస్తాలు వెళ్లాలి కాబట్టి పై మూలల్లో కాలికీ దూలానికీ మధ్య పొట్టి ఏటవాలు కట్టెలు పెట్టించాం. బరువు బోల్టుల మీద పడకుండా కాళ్లకు గాడి కోసి దూలాలు అందులో కూర్చోబెట్టారు. ఊపుకు మేకులు వదులవుతాయి, బోల్టులే వేయమన్నాం. ఖర్చెక్కువని వడ్రంగి నసిగాడు, మేం వినలేదు. చెదలకూ చెమ్మకూ కాళ్ల కింద రాతి పలకలు వేసి, ఇనుప పట్టీలతో నేలకు బిగించాం. గోడకు ఎడం వదిలాం, ఎలుక దూరితే కనపడాలి కదా.

బస్తాలు ఎక్కించే ముందు నలుగురం నాలుగు వైపులా పట్టుకుని తోసి చూశాం. కదల్లేదు. కర్ర ఎండేకొద్దీ సన్నబడి నట్లు వదులవుతాయి. ఎండాకాలం పోగానే స్పానరుతో అన్నీ బిగించాలి. ఆ పని ఏ సంఘానిదో జూన్ సమావేశంలో వంతులు వేసుకుందాం.