స్క్రీన్‌పై 50 మీటర్లు.. నిజానికి 350! కొండల్లో డ్రోన్ ఎగరేసేవాళ్లు పొరబడేది ఇక్కడే

చలికాలం మొదలైందంటే చాలు.. వంజంగి మేఘాల కొండ, లంబసింగి, అరకు వీడియోలతో ఫోన్లు నిండిపోతాయి. తెల్లగా పరుచుకున్న మబ్బులు, వాటి మీదుగా మెల్లగా సాగే డ్రోన్ షాట్. చూడ్డానికి అదిరిపోతుంది. మరి ఆ టైమ్‌లో డ్రోన్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? అడిగితే చాలామంది రిమోట్ స్క్రీన్ చూసి నంబర్ చెప్పేస్తారు. కానీ కొండల్లో ఆ నంబర్ నేల నుంచి ఎత్తు కాదు.

కెమెరా డ్రోన్లలో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ ఉంటుంది. టేకాఫ్ అయిన చోటును సున్నాగా తీసుకుని, అక్కడి నుంచి ఎంత పైకి వెళ్లిందో అది లెక్కేస్తుంది. స్క్రీన్‌పై కనిపించేది ఆ లెక్కే. మైదానంలో, పొలాల మీద ఎగరేస్తే పెద్దగా తేడా ఉండదు. కొండ అంచున నిలబడి ఎగరేస్తేనే అసలు సమస్య. డ్రోన్‌ను 50 మీటర్లు పైకి లేపి ముందుకు పోనిచ్చారనుకోండి. కింద లోయ 300 మీటర్ల లోతు ఉంటే, అది నేలకు 350 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే. స్క్రీన్ మాత్రం 50 అనే చూపిస్తుంది. డ్రోన్ పైకి వెళ్లలేదు, నేలే కిందికి వెళ్లిపోయింది.

రూల్ ఏం చెబుతోంది?

2021 ఆగస్టు 25న కేంద్రం నోటిఫై చేసిన డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. ఈ ఎత్తును డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కొలుస్తారు. పైలట్ ఎక్కడ నిలబడ్డాడన్నది లెక్కలోకి రాదు. 120 మీటర్లు దాటితే అదే చోటు ఎల్లో జోన్ అయిపోతుంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఈ పరిమితి 60 మీటర్లే. రెడ్ జోన్‌లో అయితే కేంద్రం అనుమతి తప్పనిసరి. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎత్తు పరిమితి దానికి వర్తించదనుకుంటే పొరపాటే. అలాగే యాప్ టేకాఫ్‌కి ఒప్పుకుంది కాబట్టి అనుమతి ఉన్నట్టే అనుకోవడం కూడా. డీజేఐ లాంటి కంపెనీల యాప్‌లో ఎత్తు పరిమితిని 500 మీటర్ల దాకా పెంచుకునే ఆప్షన్ ఉంటుంది. అది మెషీన్ సెట్టింగ్ మాత్రమే. మన జోన్ల మ్యాప్ కేంద్రం డిజిటల్ స్కై ప్లాట్‌ఫామ్‌లో ఉంటుంది, బయల్దేరే ముందు చూసుకోవాల్సింది దాన్నే.

ఇంతకీ 120 మీటర్లే ఎందుకు? మనుషులు ప్రయాణించే విమానాలు, హెలికాప్టర్లు టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో తప్ప సాధారణంగా 500 అడుగుల కన్నా కిందికి రావు. డ్రోన్ 400 దగ్గర ఆగితే మధ్యలో కాస్త ఖాళీ మిగులుతుంది. కొండల్లో ఆ ఖాళీ ఇట్టే మాయమవుతుంది. తెలుగు యాత్రికులు పెద్ద సంఖ్యలో వెళ్లే కేదార్‌నాథ్‌నే తీసుకుంటే, గుప్తకాశి, ఫాటా, సిర్సీల నుంచి బయల్దేరే హెలికాప్టర్లు మందాకిని లోయ వెంటే వెళ్తాయి. పక్క కొండ మీద నిలబడి "యాభై మీటర్లేగా" అని లోయ మీదికి పంపిన డ్రోన్, నేరుగా ఆ దారిలోకే వెళ్లొచ్చు. హెలికాప్టర్ రోటర్‌కు చిన్న డ్రోన్ తగిలినా చాలు, లోపలున్న వాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

కింద నుంచి ఎగరేస్తే ఇంకో తలనొప్పి

ఇక కొండ కింద నిలబడి పైకి ఎగరేస్తే లెక్క తిరగబడుతుంది. స్క్రీన్‌పై 100 మీటర్లు ఉన్నా, వాలు 90 మీటర్లు లేచి ఉంటే డ్రోన్‌కు, నేలకు మధ్య మిగిలేది పది మీటర్లే. వెనక్కి వచ్చేటప్పుడు కూడా డ్రోన్లు పోవచ్చు. సిగ్నల్ తెగితే అది 'రిటర్న్ టు హోమ్' మోడ్‌లోకి వెళ్లి, ముందే సెట్ చేసిన ఎత్తుకు లేచి తిన్నగా బయల్దేరుతుంది. ఆ ఎత్తు కూడా టేకాఫ్ పాయింట్ నుంచి లెక్కించేదే. 40 మీటర్లు సెట్ చేసి, మధ్యలో 70 మీటర్ల గుట్ట ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అడ్డంకులు పసిగట్టే సెన్సర్లు ఉన్నాయి కదా అంటారా? పొగమంచులో, తెల్లవారుజామున చీకట్లో అవి సరిగా పనిచేయవు. మేఘాల కొండకు జనం వెళ్లేది సరిగ్గా ఆ టైమ్‌లోనే!

యూరప్‌లో రూల్ ఇంకాస్త వివరంగా ఉంది. డ్రోన్‌కు దగ్గర్లోని నేల ఉపరితలం నుంచి 120 మీటర్లు దాటకూడదు. అంటే ఆల్ప్స్ వాలును అనుసరిస్తూ పైకి వెళ్లొచ్చు. అయితే సీ0 క్లాస్ చిన్న డ్రోన్లను కంపెనీలే టేకాఫ్ పాయింట్ నుంచి 120 మీటర్ల దగ్గర ఆపేయాలి. దాంతో చట్టం ఒప్పుకున్నా మెషీన్ ఒప్పుకోదు, కాస్త పైకి నడిచి మళ్లీ టేకాఫ్ చేయడమే దారి.

హిమాలయాలకు వెళ్తే..

డ్రోన్ బాక్స్ మీద 'మ్యాక్స్ టేకాఫ్ ఆల్టిట్యూడ్ 4000 మీటర్లు' అని ఉంటే అది సముద్ర మట్టం నుంచి. మినీ 4 ప్రోకు మామూలు బ్యాటరీతో ఇదే పరిమితి, మావిక్ 3కి 6000. తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు కాబట్టి ఇక్కడ ఆ దిగులు లేదు. లద్దాఖ్‌లో ఉంది. లేహ్ దగ్గరే 3,500 మీటర్లు, అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉండేదాంట్లో దాదాపు 70 శాతమే. బరువు మోయడానికి రెక్కలు ఎక్కువ వేగంతో తిరగాలి, బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. చలి తోడైతే ఇంకా త్వరగా. పైగా శిఖరం అవతలి వైపు గాలి కిందికి తోసేస్తుంది.

పరిమితి దాటి ఎగిరి ప్రాణం కాపాడిన సందర్భమూ ఉంది. 2018 జులైలో పాకిస్థాన్‌లోని 8,051 మీటర్ల బ్రాడ్ పీక్ మీద స్కాట్లాండ్ పర్వతారోహకుడు రిక్ అలెన్ తప్పిపోయాడు. కే2 దగ్గర షూటింగ్ కోసం వచ్చిన పోలండ్ వాసి బార్టెక్ బార్గియెల్ తన మావిక్ ప్రో పంపి ఆయన ఉన్నచోటు కనిపెట్టాడు. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పరిమితి 5,000 మీటర్లే. అది చేసి చూపించింది అలాంటి చోట్ల ఎగరేసిన మనిషి. వీకెండ్ ట్రిప్‌లో ట్రై చేసే పని కాదు.

మన దగ్గర తిరుమల కొండపై డ్రోన్లు పూర్తిగా నిషేధం. 2023 జనవరిలో శ్రీవారి ఆలయం ఏరియల్ వీడియో వైరల్ కావడంతో టీటీడీ సీరియస్ అయిన సంగతి తెలిసిందే. అటవీ ప్రాంతాల్లో ఫారెస్ట్ శాఖ అనుమతి కూడా తీసుకోవాలి.

ఇక ఎగరేసే ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నిలబడ్డ చోటు ఎత్తు, డ్రోన్ వెళ్లే చోటు ఎత్తు రెండూ చూసుకుంటే సగం సమస్య తీరినట్టే. రిటర్న్ ఎత్తును దారిలోని ఎత్తైన చెట్టు కన్నా పైకి సెట్ చేయాలి. లోయ మీదికి వెళ్లే ఆలోచన ఉంటే అంచు నుంచి కాకుండా వీలైనంత కిందికి దిగి టేకాఫ్ చేయాలి. ఒకవేళ డ్రోన్ పోతే యాప్‌లోని 'ఫైండ్ మై డ్రోన్' చివరి లొకేషన్ చూపిస్తుంది. అది లోయలో ఉంటే ఒంటరిగా దిగకుండా, దారి తెలిసిన స్థానికులను వెంట తీసుకెళ్లాలి.