పాబ్లో నుంచి సోనా దాకా: కాకినాడ చెక్క బోట్ల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, మా సర్వీసు జ్ఞాపకాల్లో బదిలీలూ ఇంక్రిమెంట్లూ తప్ప ఏముంటాయి లెమ్మనుకున్నాను. తీరా ట్రంకు పెట్టె తీస్తే అడుగున ఒక ట్రేసింగు చుట్ట దొరికింది. 30 అడుగుల చేపల బోటు ప్లాను అది. 30 కొట్టేసి 36 అని నా చేతిరాతే ఉంది. మధ్యలో ఒకచోట ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు. అది మాత్రం నేను పెట్టింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మన తీరంలో పడవ పొడవును ఎవరు నిర్ణయించేవారో చెప్పాలి.

ఓడలు కట్టడం మన గోదావరి వారికి కొత్త విద్య కాదు. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడి నుంచి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరికీ అక్కడ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిందంటే ఆ రేవు ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊరిని ముంచింది. మేటలు వేసి రేవు పూడిపోయింది, వర్తకం కాకినాడకు తరలింది. కానీ కోరంగి, తాళ్లరేవు వడ్రంగుల చేతిలోని పని ఎక్కడికీ పోలేదు.

వాళ్ళకు ప్లాను అంటూ ఉండేది కాదు. కట్టించుకునేవాడు పొడవు చెబితే చాలు, వెడల్పూ లోతూ దాన్నుంచే తీసేవారు. అయితే ఆ పొడవు కూడా ఎవరిష్టం వచ్చినట్టు ఉండేది కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని కాలువలు నీళ్ళతో పాటు ధాన్యాన్నీ మోశాయి. కాలువ మీద తిరిగే పడవ కొలత లాకుల్ని బట్టి ఉండేది. ఎంత ఆసామీ అయినా లాకులో పట్టని పడవ కట్టించుకుని ఏం చేసుకుంటాడు? సముద్రం మీదికి పోయే నావకు లాకు బెడద లేదు గాని మొగ దగ్గర ఇసుకమేట ఉంది. అడుగు లోతుగా ఉంటే మొగ దాటదు. పైగా కలప డిపోలో దొరికే దుంగ ఎంత పొడవుంటే దూలం అంతే.

కాగితం మీద గీసిన చేపల బోటు మన తీరానికి 1950 దశకం తర్వాతే వచ్చింది. 1952లో నార్వేతో ఒప్పందం కుదిరి కేరళ తీరంలో పని మొదలైంది. అదే దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున పాల్ జీనర్ అనే నేవల్ ఆర్కిటెక్టు మన దేశానికి వచ్చి చిన్న మరబోట్లకు నమూనాలు గీశాడు. పాబ్లో అనే పేరు ఆయన పేరులోంచే పుట్టిందని మా ఆఫీసులో చెప్పుకునేవారు. 1957లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ ఏర్పడ్డాక మన కలపకూ మన సముద్రానికీ సరిపడే ప్లాన్లు వరసగా వచ్చాయి.

1960 దశకం మధ్యలో రొయ్యల వేట ఊపందుకుంది. అక్కడినుంచి బోటు పొడవు పెరగడమే గాని తగ్గింది లేదు. పాబ్లో 30 అడుగులు, అంటే 9.14 మీటర్లు. తర్వాత వచ్చిన 'రొయ్య' బోటు 32 అడుగులు. 'సొర్ర' 37 అడుగులకు కాస్త ఎక్కువ. 'సోనా' ఏకంగా 43 అడుగులు. పొద్దున పోయి సాయంత్రానికి ఒడ్డుకు చేరే పాబ్లోకు ఐసు గది పెద్దగా అక్కర్లేదు. రోజుల తరబడి సముద్రం మీద ఉండే సోనాకు ఐసు, మంచినీళ్ళు, డీజిలు, పడుకోవడానికి చోటు అన్నీ కావాలి. వేగం లెక్క కూడా ఒకటుంది. నీటి గీత దగ్గర పొడవు 25 అడుగులున్న బోటు 6.7 నాట్లకు మించి సుఖంగా పోదు. 36 అడుగులైతే 8 నాట్ల దాకా లాగుతుంది. వేగం పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందన్నమాట.

పాత ప్లానును పొడుగు చేయడం చూడ్డానికి చాలా తేలిక. లైన్స్ ప్లానులో బోటును పది ఖానాలుగా విభజిస్తారు. ఖానాకూ ఖానాకూ మధ్య 2 అడుగుల 9 అంగుళాలు ఉంటే మొత్తం 27½ అడుగులు. దాన్నే మూడడుగులు చేస్తే 30. అడ్డకోతలు మార్చక్కర్లేదు, వెడల్పూ లోతూ ఉన్నవే. సన్నబద్ద వంచి గీస్తే గీత నునుపుగానే వస్తుంది. పదో వంతు దాకా ఇలా సాగదీస్తే ప్రమాదం లేదని ఆ విద్య తెలిసినవాళ్ళ మాట. అన్ని కొలతలూ కలిపి పదో వంతు పెంచితే బరువు 33 శాతం పెరుగుతుంది, అది మళ్ళీ వేరే బోటు, వేరే ఇంజను. అందుకని పొడవు ఒక్కటే పెంచడం అందరికీ చవకగా తోస్తుంది.

నేను 1968లో ట్రేసరుగా చేరాను. 1971లో ఒక బోటు యజమాని, 30 అడుగుల ప్లానును 36కు సాగదీసి ఇమ్మని ఇంటికి వచ్చి అడిగాడు. అది ఆఫీసు పని కాదు. రాత్రిళ్ళు కూర్చుని గీశాను. పదో వంతు హద్దు సంగతి నాకప్పటికి తెలియదు. ఖానాలు వెడల్పు చేశాను గాని కలప పట్టిక పాతదే కాపీ చేశాను. నాకది తప్పని కూడా తోచలేదు.

ఆ కాగితం పట్టుకుని తాళ్లరేవు వైపు ఒక మేస్త్రీగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బాడిస పక్కన పెట్టి, ట్రేసింగును ఇసుకలో పరిచి, నాలుగు మూలలా మేకులు పెట్టి చాలాసేపు చూశారు. "అడుగు దూలం ఎన్ని ముక్కలండీ?" అన్నారు. రెండున్నది మూడవుతుందన్నాను. "రెండో అతుకు ఎక్కడ పడుద్దండీ?" నేను చూసుకోలేదు. ఆయనే జేబులోంచి పెన్సిలు తీసి ఇంటూ పెట్టారు. సరిగ్గా ఇంజను పీఠం కింద. "బాబుగారూ, గీత సాగుద్దండి, కర్ర సాగదు కదండీ. రోజంతా ఇంజను అదురుతా ఉంటే ఆ అతుకు ఎన్నాళ్ళు ఆగుద్దండీ?" అన్నారు. కట్టాలంటే లోపల ఇంకో దూలం పరచాలనీ, పక్కల వంపు కర్రలు దగ్గర దగ్గరగా వేయాలనీ, ఇంజను పీఠాన్ని జరపాలనీ, 33 అడుగులకు మించొద్దనీ చెప్పారు. యజమానికి ఆ ఖర్చు నచ్చలేదు. నాకేమో ఆఫీసరు దగ్గర పని నేర్చినవాణ్ణి, ఈయన చెప్పేదేమిటన్న అహం. నేనూ గట్టిగా వద్దనలేదు.

బోటు వేరేచోట కట్టారు. ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోసిన రోజున నేనూ ఉన్నాను. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. రెండో ఏడు వేట కాలంలో మొగ దాటుతుండగా అడుగు ఇసుకకు తగిలింది. ముక్కు ఒక అల మీద, వెనక భాగం ఇంకో అల మీద, నడుమ కింద నీళ్ళు లేవు. ఆ అతుకు దగ్గరే విడిపోయింది. ఆరుగురు మనుషులు. దగ్గర్లో వేటాడుతున్న ఒక పాత తెరచాప నావ వాళ్ళు అందరినీ ఎక్కించుకున్నారు. ప్లాను ముఖం ఎరగని నావ అది. మనుషులు దక్కారు, బోటు దక్కలేదు. అప్పు మాత్రం యజమాని మెడ మీద మిగిలింది. ఆయన నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

ఆ తర్వాత నేను మేస్త్రీగారి దగ్గరికి తరచు వెళ్ళేవాణ్ణి. సెలవురోజుల్లో ఆయన పని చూస్తూ కూర్చునేవాణ్ణి. దూలం అతుకు మందానికి ఆరేడు రెట్లు ఏటవాలుగా ఉండాలనీ, పక్క పలకల అతుకులు ఒకదాని కిందకి ఒకటి రాకూడదనీ, నార కూరి గుగ్గిలం పట్టించడానికి ముందు సందు ఎండి ఉండాలనీ అక్కడే నేర్చాను. ఆయన పొడుగు చేసిన బోట్లు నేను చూసినవి మూడున్నాయి. ఒక్కదానిలోనూ పాత ప్లాను కొలతను అలాగే ఉంచలేదు. ముక్కు ఎత్తు పెంచారు, ఇంజను జరిపారు, చుక్కాని పలక పెద్దది చేశారు. అవన్నీ బొగ్గుతో షెడ్డు నేల మీద గీసుకుని, పని అయ్యాక తుడిచేసేవారు. మా ఫైళ్ళలో పాబ్లో ప్లాను ఉంది, దాని కలప పట్టిక ఉంది, మంజూరు ఉత్తర్వులున్నాయి. తుడిచేసిన గీతలు మాత్రం లేవు.

ఇప్పుడు చెక్క బోటు కట్టేవాళ్ళు తగ్గిపోయారు, ఫైబరు బోట్లు వచ్చాయి. 2022లో జిల్లాలు విడిపోయాక తాళ్లరేవు కాకినాడ జిల్లాలోకి వెళ్ళింది. మేస్త్రీగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళ పరిచయంలో ఆయన్ని మేస్త్రీగారనే పిలిచాను గాని ఇంటిపేరు అడిగింది లేదు. ఆ రోజుల్లో తాళ్లరేవు, కోరంగి, ఏటిమొగ వైపు బోట్లు కట్టిన మేస్త్రీల పేర్లు మన సభ్యులలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి పంపగలరు. ట్రేసింగును కూడా అక్కడే ఇస్తున్నాను, చూడదలచినవారు చూడవచ్చును.