పాత ఇంటి సెప్టిక్ ట్యాంకు: ఏళ్ల తరబడి నిండకపోతే అనుమానించాల్సిందే

‘కట్టి ఇరవై ఏళ్లయింది, ఒక్కసారి కూడా నిండలేదు’ అని తమ ఇంటి సెప్టిక్ ట్యాంకు గురించి గర్వంగా చెప్పుకునే యజమానులు చాలామంది ఉంటారు. నిజానికి అది ట్యాంకు దృఢత్వానికి నిదర్శనం కాదు. లోపలి మురుగు అడుగు నుంచి భూమిలోకి ఇంకిపోతోందని గానీ, మలినాలతో సహా వీధి కాలువలోకి చేరుతోందని గానీ అనుమానించాలి. ఇలా వదిలేసిన ట్యాంకును మరుగుదొడ్డి పూడుకుపోయిన రోజున హడావుడిగా తెరిపిస్తారు. ప్రాణాపాయానికి ఎక్కువ అవకాశం ఉండేది అప్పుడే.

ట్యాంకు పనిచేసే తీరు

మరుగుదొడ్డి నుంచి వచ్చిన ఘన మలినాలు ట్యాంకు అడుగున బురదగా పేరుకుంటాయి. నూనె, కొవ్వు పదార్థాలు పైన తెట్టుగా తేలుతాయి. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఆ బురదను కొంతవరకు జీర్ణం చేస్తాయి. మధ్యలోని నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతకు వెళుతుంది. ఎంత నీరు లోపలికి వస్తే అంత నీరు బయటకు పోతుంది కనుక, సక్రమంగా ఉన్న ట్యాంకులో నీటిమట్టం ఎప్పుడూ బయటి గొట్టం ఎత్తులోనే ఉంటుంది. అందువల్ల చూడవలసింది నీటిమట్టాన్ని కాదు, బురద మందాన్ని. బురద పెరిగితే మలినాలు నీటితో పాటు వెళ్లి ఇంకుడు గుంతను పూడ్చేస్తాయి. బయటకు వచ్చే నీటిలో రోగకారక క్రిములు ఉంటాయి. కాబట్టి దాన్ని వీధి కాలువలోకి వదలరాదు.

ఎప్పుడు తీయించాలి?

సాధారణంగా రెండు మూడేళ్లకు ఒకసారి వాక్యూమ్ ట్యాంకరుతో బురదను తీయించాలి. బురద, తెట్టు కలిసి ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరితే గడువు కోసం ఆగనవసరం లేదు. ఈ పనికి వేసవి అనువైన కాలం. భూగర్భ జలం పైకి ఉండే వానాకాలంలో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే, కింది నుంచి వచ్చే నీటి ఒత్తిడికి గోడలు పగిలే ప్రమాదం ఉంది. అడుగున కొద్దిపాటి బురద మిగిల్చితే సూక్ష్మజీవుల పని ఆగదు. తీసిన బురదను ఎక్కడ పారబోస్తారో ట్యాంకరు నిర్వాహకుడిని అడగాలి. పొలాల్లో, చెరువుల్లో వదిలే వారికి పని అప్పగించరాదు.

పాత కట్టడంలో పరిశీలించాల్సినవి

ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఆమ్లంగా మారి పైకప్పు కాంక్రీటును, ఇనుప కడ్డీలను తినేస్తుంది. పగుళ్లున్న పలకలపై నడవడం, వాహనాలు నిలపడం ప్రమాదకరం. గాలిగొట్టం ఇంటి పైకప్పు కంటే ఎత్తులో ఉండి, చివర దోమల వల ఉండాలి. మూతపై టైల్సు పరిచి ఉంటే తొలగించి, సులువుగా తెరిచే ఏర్పాటు చేయాలి.

కొన్ని పాత ఇళ్లలో సెప్టిక్ ట్యాంకుగా పిలిచేది కేవలం సిమెంటు ఒరలు దింపిన, అడుగు లేని గుంత మాత్రమే. దాని నుంచి మురుగు నేరుగా భూగర్భ జలంలో కలుస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంకుడు గుంతకు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి.

యాసిడ్, అధిక మోతాదులో ఫినాయిల్ సూక్ష్మజీవులను చంపుతాయి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, వాడిన వంటనూనె ట్యాంకులోకి వెళ్లకూడదు. వాన నీటి గొట్టాన్ని దానికి కలపరాదు. బురద తీయించే అవసరం లేకుండా చేస్తామని చెప్పే పొడులను నమ్మి గడువు దాటించడం తగదు.

లోపలికి ఎవరినీ దించరాదు

హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే అది హరిస్తుంది. వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం అందుకే ప్రాణాంతకం. మీథేన్‌కు నిప్పు తగిలితే మంటలు లేస్తాయి. కనుక మూత దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. లోపల పడిపోయిన వ్యక్తిని కాపాడబోయి రెండో వ్యక్తి మరణించే ఘటనలు తరచూ జరుగుతున్నాయి. ఎవరూ దిగకుండా అగ్నిమాపక సిబ్బందిని పిలవడమే మార్గం.

రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనుషులతో ట్యాంకు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ నిషేధం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మురుగు శుభ్రత పనిలో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని రూ.30 లక్షలకు పెంచాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. నగరాలు, పట్టణాల్లో యంత్రంతో శుభ్రం చేయించేందుకు 14420 సహాయ నంబరు ఉంది.

ట్యాంకు ఎక్కడ ఉంది, మూత ఎటువైపు ఉంది, చివరిసారి ఎప్పుడు తీయించారు అనే వివరాలను ఇంటి పత్రాలతో పాటు రాసి ఉంచాలి. ఇల్లు చేతులు మారితే కొత్త యజమానికి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.