వార్డెన్ సంతకం: ఖమ్మం ఏజెన్సీ విద్యార్థుల ఆరోగ్య నమోదు, సమ్మతి – చారిత్రక పరిశీలన

ములకలపల్లి నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక మండలం. 2016 అక్టోబరు వరకు అది ఖమ్మం జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడక ముందు వరంగల్ జిల్లాలో భాగం. గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం మాత్రం మద్రాసు పాలన నుంచి వచ్చి, 1959లో ఖమ్మంలో కలిసింది. పాలకులు వేరైనా ఈ రెండు ఒడ్డుల కోయ గూడేలకు ఒక సామ్యం ఉంది. బిడ్డ చదువుకోవాలంటే చాలాసార్లు ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలలో ఉండాలి. అక్కడ తల్లిదండ్రుల స్థానంలో వార్డెన్ ఉంటారు.

పాఠశాల విద్యార్థుల మణికట్టుకు ఆరోగ్య సంవేదకాలు తొడిగి, నాడి, ఉష్ణోగ్రత, రక్తంలోని ఆక్సిజన్ శాతం ఎప్పటికప్పుడు నమోదు చేసి, ఆ వివరాలను బ్లాక్‌చెయిన్‌లో భద్రపరచాలనే ఆలోచన ఇటీవలి సాంకేతిక చర్చల్లో తరచుగా వినిపిస్తోంది. రాత్రివేళ జ్వరం వచ్చిన పిల్లవాడిని సకాలంలో గుర్తించగలిగితే అంతకన్నా కావలసినదేముంది? అయితే పిల్లల శరీరాలకు సంబంధించిన నమోదు, సమ్మతి అనే విషయాల్లో ఈ ప్రాంతానికి ఇదివరకే ఒక అనుభవం ఉంది. దానిని పక్కన పెట్టి ఈ ప్రతిపాదనను అంచనా వేయడం సాధ్యం కాదు.

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పదినుంచి పద్నాలుగేళ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా ప్రదర్శన పథకం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దానిని నిర్వహించాయి. దాదాపు 14 వేలమంది బాలికలకు టీకా వేశారు. వారిలో ఆశ్రమ వసతి గృహాల గిరిజన బాలికలు గణనీయంగా ఉన్నారు. కొందరు బాలికల మరణాల వార్తలు, మహిళా ఆరోగ్య సంఘాల నిరసనల నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం భావించింది. ఆ టీకా శాస్త్రీయ విలువ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఇక్కడ ముఖ్యమైనది కాగితం.

2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం సమర్పించిన 72వ నివేదిక ఆ కాగితాన్ని లెక్కించింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై వార్డెన్లు సంతకం చేశారు. అంటే దాదాపు మూడో వంతు పత్రాల్లో తల్లిదండ్రుల జాడే లేదు. వార్డెన్లు నియమం తప్పి చేసిన పని కూడా కాదిది. తల్లిదండ్రుల తరఫున సంతకం చేయడానికి ప్రభుత్వ ఆదేశమే వారిని అనుమతించింది. టీకా అనంతర దుష్ప్రభావాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని కూడా నివేదిక తప్పుపట్టింది. ఈ రెండవ లోపాన్ని సంవేదకం కొంత పూరించగలదు. మొదటి దానిని పూరించలేదు.

బ్లాక్‌చెయిన్ మూలభావన 1991లో హేబర్, స్టోర్నెటా ప్రతిపాదించిన కాలముద్ర విధానంలో ఉంది. ఒకసారి రాసిన దానిని ఎవరికీ తెలియకుండా దిద్దలేకపోవడం దాని ప్రాణం. పట్వారీ చేతిలోని పహాణీలో పేరు మారితే చేను చేజారిన చరిత్ర గల తెలంగాణలో ఈ గుణానికున్న ఆకర్షణ వేరే చెప్పనక్కరలేదు. కానీ 2009లో అసలు సమస్య పత్రాలను దిద్దడం కాదు. వార్డెన్ సంతకం వార్డెన్ చేసినదే. దానిని బ్లాక్‌చెయిన్‌లో ఉంచి ఉంటే, తల్లి ఎరుగని సమ్మతి చెరగని సమ్మతిగా నిలిచేది.

సంవేదకం కొలతను కూడా ప్రశ్నించకుండా అంగీకరించలేం. వేలికి తొడిగే ఆక్సిమీటరు చర్మం గుండా కాంతిని పంపి ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. గుర్తింపునకు రాని ఆక్సిజన్ లోపం తెల్లజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించిందని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తెలిపింది. నల్లని చర్మపు కోయ పిల్లలపై పరీక్షించకుండా అటువంటి పరికరాన్ని రక్షణ కవచమనడం తొందరపాటే.

సమ్మతి విషయంలో స్వీడన్ ఉదాహరణ గమనించదగినది. షెలెఫ్టియో పట్టణ పాఠశాలలో 22 మంది విద్యార్థుల హాజరును ముఖ గుర్తింపుతో తీసుకున్నందుకు 2019లో ఆ దేశ సమాచార రక్షణ సంస్థ పురపాలక సంఘానికి 2 లక్షల క్రోనార్ల జరిమానా విధించింది. అక్కడ సమ్మతి తీసుకోకపోలేదు. పాఠశాలకు, విద్యార్థికి మధ్యనున్న అధికార భేదం వల్ల ఆ సమ్మతి చెల్లదన్నారు. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కోరుతుంది, పిల్లల కదలికలను వెంబడించడాన్ని నిషేధిస్తుంది. అయితే 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు విద్యార్థుల భద్రత పేరిట విద్యాసంస్థలకు ఇందులో మినహాయింపునిచ్చాయి. వార్డెన్ మరో దారిన తిరిగి వచ్చాడనిపిస్తుంది.

గిరిజన ప్రాంతాల్లో మరో చిక్కు కూడా ఉంది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పిల్లలకు సైతం పరీక్షలు జరిపి కార్డులు ఇస్తున్నారు. ఇది వంశపారంపర్య వ్యాధి. దాని ఫలితం రేపు ఒక ఆడపిల్ల పెళ్లి మాటల్లో ప్రస్తావనకు రావచ్చు. సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును చట్టం ఇచ్చింది, చెరగకపోవడమేమో బ్లాక్‌చెయిన్ స్వభావం. అందుకే అసలు వివరాలను బయట ఉంచి, వాటి సంకేత ముద్రను మాత్రమే గొలుసులో ఉంచాలని నిపుణులు సూచిస్తారు. అప్పుడు వివరాలు మళ్లీ ఏదో ఒక కార్యాలయపు కంప్యూటరులోనే ఉంటాయి. దాని తాళం ఎవరి వద్ద ఉండాలి, ములకలపల్లి గూడెంలోని తల్లికి అందులో ఏముందో కోయ భాషలో చదివి వినిపించేది ఎవరు అన్నవి సాంకేతిక నిపుణులు ఒక్కరే తేల్చగల ప్రశ్నలు కావు.