పొత్తిగుడ్డ నుంచి పొలంగట్టు దాకా

ఉదయగిరి నుంచి సీతారామపురం వైపు పోతుంటే కొండవార చేల చుట్టూ చీరలు కట్టి కనిపిస్తాయి. పూల చీరలు, గళ్ల చీరలు, వెలిసిపోయి ఏ రంగో చెప్పలేనివి, కర్రకీ కర్రకీ నడుమ బారుగా లాగి కట్టి ఉంటాయి. అడవిపందుల కోసం రైతు వేసుకున్న దడి అది. మనిషి వాసనకూ, గాలికి కదిలే గుడ్డకూ పంది జడుస్తుందని నమ్మకం. ఎంతవరకు జడుస్తుందో పందులకే తెలియాలి. ఎకరా చేను చదరంగా ఉందనుకున్నా చుట్టుకొలత 250 మీటర్లు దాటుతుంది. ఐదున్నర మీటర్ల చీరలు ఇంచుమించు 46 కావాలి. ఏ ఇంట్లో ఉంటాయి అన్ని పాత చీరలు? అందుకే కిలోల లెక్కన కొనుక్కొస్తారు. ఎక్కడో ఒక ఇల్లాలు స్టీలు గిన్నెకు మార్చుకున్న చీర తిరిగి తిరిగి ఈ కొండ కిందికి చేరి ఉండొచ్చు.

పాత గుడ్డ మన ఊళ్లల్లో ఎప్పుడూ ఊరికే చేతులు మారలేదు. ఎవరు ఇవ్వచ్చు, ఎవరు పుచ్చుకోవచ్చు, ఏ రోజు ఇవ్వచ్చు అన్నదానికి కట్టుబాట్లుండేవి. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదు. దీపాలు పెట్టాక ఉప్పు, సూది అడిగినా లేదనే మాటే. సిగ్గుపడకుండా ఎవరైనా అడిగి తెచ్చుకోగలిగిన పాత బట్ట ఒక్కటే: పొత్తిగుడ్డ. పుట్టబోయే బిడ్డ కోసం కాన్పుకు ముందే పాత నూలు చీరలు, పంచెలు చింపి, ఉడకబెట్టి, ఎండేసి దాచేవాళ్లు. కొత్త బట్ట గంజితో బిరుసుగా ఉంటుంది, పసిగుడ్డు ఒళ్లు గీరుకుంటుంది. వందసార్లు ఉతికిన నూలుబట్ట మెత్తదనం కొత్తదానికి ఎక్కడినుంచి వస్తుంది? బిడ్డ కొంచెం పెరిగాక ఉయ్యాల కూడా చీరదే, ఇంటి దూలానికి వేలాడేది.

బిడ్డలు పుట్టి పుట్టి పోతున్న ఇళ్లల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇంకో మెట్టు పైకెక్కింది. కొత్తగా పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య అన్నారు. పొరుగామె చేతిలో పెట్టి, తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నారు. ఉత్తరాంధ్రలో తవిటయ్యలు, తవిటినాయుళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎవరికీ అక్కరలేని వస్తువు జోలికి చావు కూడా రాదన్నది అందులోని ఎత్తు. అన్నాదమ్ముల పోట్లాటల్లో ‘నిన్ను తవుడిచ్చి కొన్నాంరా’ అని ఏడిపించడం మాత్రం రాష్ట్రమంతటా మిగిలింది.

ఈ ముచ్చట్లకు ఇంకో వైపు ఉంది. సమర్తాడిన పిల్ల ఒంటిమీది చీర, పురిటి మంచం మీది బట్టలు, చనిపోయిన మనిషి పక్కబట్టలు చాకలికి పోయేవి. ఇచ్చేవాళ్లు దాన్ని దానమనుకునేవాళ్లు. పుచ్చుకునేవాళ్ల లెక్కలో అది చేసిన చాకిరీకి రావలసిన దాంట్లో ఒక ముక్క. కులం మెట్ల మీద పాత బట్ట పైనుంచి కిందికే దిగింది, కిందనుంచి పైకి ఒక్కసారీ ఎక్కలేదు. ‘మన పెద్దలు దేన్నీ వృథా చేయలేదు’ అని ఈమధ్య వినిపించే పొగడ్తలో ఈ సంగతి ఉండదు. నాకు ఆ పొగడ్త సగమే నిజమనిపిస్తుంది.

ఎవరికీ ఇవ్వలేనంత చిరిగింది బొంతలోకి పోయేది. మెట్ట ప్రాంతంలో చలికాలం తెల్లవారుజామున కొండగాలికి ఒక దుప్పటి ఏ మూలకూ చాలదు. బొంత కుట్టడం చూడాలి. నలిగినా చిరగని చీర ఒకటి కిందకు, ఇంకొకటి పైకి. నడిమిలో లుంగీలు, పావడాలు, చొక్కాల వీపులు, ఏ ముక్క పడితే అది, ఎత్తుపల్లాలు లేకుండా పరవాలి. నాలుగు మూలలా బరువులు పెట్టి ముందు పొడుగు కుట్లతో అంటిస్తారు. ఆ తర్వాత లావుపాటి సూదితో అంచు పట్టుకుని వరసలు మొదలెడతారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని నడిమికి కుట్టుకొస్తే పని తొందరగా సాగుతుంది, ఊరి సంగతులూ సాగుతాయి. అందులో అత్తగారి చీర ఉంటుంది, చదువుకు పోయిన కొడుకు నిక్కరుంటుంది. కప్పుకున్న పిల్లలు ఇది ఫలానావాళ్లది, అది ఫలానావాళ్లదని వేలు పెట్టి చూపిస్తారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో గుడ్డకే కరువొచ్చింది. మిల్లు బట్టలో పెద్ద వాటా సైన్యానికి పోతుంటే ధరలు మండిపోయి, 1943లో ప్రభుత్వం బట్ట మీద, నూలు మీద కంట్రోలు పెట్టింది. కంట్రోలు చీర కోసం నిలబడిన తరం పాత గుడ్డను పారేయడమన్నది కలలోనైనా అనుకోలేదు.

తర్వాత స్టీలు వచ్చింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు, అదీ తుపాకీ గొట్టాలకు పనికొచ్చే లోహం కోసం వెతుకుతూ. అది మన వంటింటికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1981లో సేలంలో ప్రభుత్వ స్టెయిన్‌లెస్ స్టీలు కర్మాగారం పని మొదలెట్టేనాటికి పెళ్లిసామాన్లలో కంచు, ఇత్తడి వెనక్కి తగ్గుతూ ఉన్నాయి. నెత్తిన గిన్నెల గంప, భుజాన బట్టల మూట పెట్టుకుని ‘పాత చీరలకు స్టీలు సామానులమ్మో’ అంటూ వీధిలోకి వచ్చిన గిన్నెలమ్మి ఆ కాలపు మనిషే. ఉత్తరాదిలో గుజరాత్ నుంచి వెళ్లిన వాఘ్రీలు ఇదే పని చేసి, ఢిల్లీ రఘువీర్ నగర్‌లో పాత బట్టలకు తెల్లారకముందే లేచే సంతను నిలబెట్టారు.

బేరం చూస్తే ముచ్చటేస్తుంది. గిన్నెలమ్మి చీర మడత విప్పి వెలుతురుకు పట్టుకుంటుంది. చిల్లు కనబడితే వేలు దూర్చి చూపిస్తుంది. జరీ ఉంటే గోటితో గీకుతుంది, ఎందుకంటే నిఖార్సైన జరీలో వెండి ఉంటుంది, కాల్చి తీస్తారు. ‘ఇంకొక్క ప్యాంటు ఎయ్యి తల్లా, ఈ పెద్ద డబరా తీసుకో’ అంటుంది. ఇంట్లో ప్యాంటు లేకపోతే పక్కింటికి కేక: ‘అక్కా, పాత ప్యాంటుంటే ఇస్తావా, నీకు గరిటె ఇప్పిస్తా.’ అలా ముగ్గురిళ్ల మూట ఒకటై, గిన్నెలు మూడిళ్లకు పంపకమయ్యేవి. ఇక్కడ పైచెయ్యి, కిందచెయ్యి లేదు. ఎవరి చీర ఎవరు కట్టుకుంటారో ఎవరికీ తెలియదు. చాకలికిచ్చిన చీరలో ఉన్న చిన్నతనం గిన్నెకిచ్చిన చీరలో లేకుండాపోయింది. ఆ వ్యాపారం అంతకాలం నిలవడానికి గిన్నె మెరుపు ఒక్కటే కారణం కాదు.

ఇందులో ఉదయగిరికి తగిలిన దెబ్బ కూడా ఉంది. దుర్గం కొండల కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఊరు అది. వీధిలోకొచ్చిన స్టీలు గరిటె ఇళ్లల్లోంచి తెడ్డును గెంటేసింది. ఆ చెక్కసామానుకు తర్వాత భౌగోళిక గుర్తింపు వచ్చి, ఇప్పుడు పట్నాల దుకాణాల్లో అలంకారంగా అమ్ముడుపోతోంది.

పాలిస్టర్ వచ్చాక లెక్కంతా మారింది. పొత్తిగుడ్డకు పనికిరాదు, చెమట పీల్చదు, చిరగదు, చివకదు. చేనుకు కట్టడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది, ఎండావానలకు ఆగుతుంది. చీరలు చవకై బీరువాలు నిండాక ఇవ్వడమే ఒక పనైంది. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో 67 బట్టలతో ‘గూంజ్’ మొదలుపెట్టాడు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన గుట్టలుపడి కుళ్లుతున్న సాయం బట్టలను ఏరి, పనికొచ్చేలా చేసింది ఆ సంస్థే. ఊరివాళ్లు బావో దారో బాగుచేసుకుంటే ఆ కష్టానికి బట్టలిచ్చే పద్ధతి పెట్టింది. అడుక్కున్నట్టు ఉండకూడదన్న ఆ పట్టింపుకు 2015లో గుప్తాకు మెగసెసే అవార్డు వచ్చింది.

అదే ఏడాది చివర ఇరాన్‌లోని మష్హద్‌లో ఒక గోడకు కొక్కేలు కొట్టి, అక్కరలేనిది పెట్టండి, కావలసింది తీసుకోండి అని రాశారు. 2017లో తిరునెల్వేలిలో కలెక్టరు సందీప్ నందూరి ‘అన్బు సువర్’ (ప్రేమ గోడ) పేరుతో అలాంటి గోడే పెట్టించారు. మన పట్నాల్లోనూ అటువంటి గోడలు లేచాయి. గిన్నెలమ్మి చేసిన పనే ఇదీ, ఇచ్చేవాడి మొహం తీసుకునేవాడికి కనబడదు. కాకపోతే గిన్నెలమ్మి చిల్లు చూసి చీర తిప్పికొట్టేది. గోడకు ఆ నోరు లేదు, అందుకే చాలాచోట్ల చినిగిన పరుపులూ ఒంటికాలి చెప్పులూ వచ్చి చేరాయి. అమెరికాలో చదివే మన పిల్లలకు గోడ అక్కరలేదు. చదువైపోయి ఊరు మారే సీనియర్ పరుపు, కుక్కరు, చదువుకునే బల్ల జూనియర్ గదిలోకి నడిచిపోతాయి.

వీధిలో కేక మాత్రం ఆగలేదు, సరుకు మారింది. గంప పోయి ఆటో వచ్చింది, గొంతు పోయి రికార్డు వచ్చింది. పాత ఇనుముకు ఎర్రగడ్డలు, చిక్కు వెంట్రుకలకు ప్లాస్టిక్ డబ్బాలు, పాడైన సెల్‌ఫోన్లకు టబ్బులు. 2024 ఆగస్టులో తెలంగాణ సైబర్ పోలీసులు గోదావరిఖనిలో బీహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. ఊళ్లల్లో ఇలా పోగేసిన ఫోన్లు వాళ్ల దగ్గర నాలుగు వేల దాకా దొరికాయి, సైబర్ మోసగాళ్లకు చేరవేయడానికి. పాత ఫోను గిన్నెకివ్వకండని అప్పటినుంచి పోలీసులు చెబుతున్నారు. చీరలో అయితే జరీ తప్ప దాచుకోవలసిందేమీ ఉండేది కాదు.